ఈ చేతినెవరైనా అడిగారా?

ముందే మనవి చేసుకుంటున్నాను, నవ్వకూడదు. డెబ్భై ఏళ్ళ ముసలిది వీడియో గేమ్ కంట్రోలరు గురించి వ్యాసం రాయడమేమిటని మా ఇంట్లో ఇప్పటికే నవ్వడం అయిపోయింది. మా అబ్బాయి నవ్వాడు. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. పక్కింటావిడైతే, "ఆవకాయ గురించో అప్పడాల గురించో రాయకూడదుటండీ, నలుగురికీ పనికొస్తుంది!" అంది. ఆవకాయ గురించి రాసేవాళ్ళకి మన దేశంలో కొదవ లేదు. కంట్రోలరు గురించి మాత్రం నాకు చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ మాట చెప్పడానికి నాకేం అర్హత ఉందో కూడా చెబుతాను, చిత్తగించండి.

మా పుట్టిల్లు నర్సాపురం దగ్గర ఓ పల్లె. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్ల చేతికి లేసు సూది రావడం అక్షరాభ్యాసమంత మామూలు సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు మా గోదావరి డెల్టా ఆడవాళ్ళకి నేర్పి వెళ్ళిన విద్య అది. చివర చిన్న కొక్కెమున్న ఉక్కు సూది, నూలు దారం, అంతే సరంజామా. నాకు మా అమ్మ ఏడో ఏట నేర్పింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధరుగు మీద పదిమందిమి చేరి అల్లేవాళ్ళం. మేం అల్లిన పువ్వులూ, పట్టీలూ, గుండ్రాలూ షావుకారు తాలూకు మనిషి వచ్చి కొలిచి, వంకలు పెట్టి, పట్టుకుపోయేవాడు. అవి సముద్రాలు దాటి ఏ దొరసానమ్మల భోజనబల్లల మీదికి చేరేవో మాకు తెలీదు. వాటిని అల్లినవాళ్ళం మేమని వాళ్ళకీ తెలీదు. మేరియా మీస్ అనే జర్మన్ పండితురాలు మా నర్సాపురం లేసు పనివాళ్ళ మీద 1982లో ఇంగ్లీషులో ఓ పుస్తకమే వేసింది. పొద్దస్తమానం వేళ్ళు అరగదీసుకునే ఆడవాళ్ళని, ఏదో తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే ఇల్లాళ్ళని లోకం అనుకుంటోందని ఆవిడ అందులో ఎత్తిచూపింది.

ఆ ఉక్కు సూది సన్నంగా ఉండేది. గంటల తరబడి పట్టుకుంటే చూపుడు వేలి పక్కన గాడి పడేది. బొటనవేలి మొదట్లో ఒకటే సలుపు. నాకు పదేళ్ళప్పుడు ఓ ఉపాయం తోచింది. నాన్న చిరుగుపంచె అంచు చింపి, సూది కాడకి చుట్టి, దారంతో బిగించి కట్టాను. కాడ లావయింది. సలుపు తగ్గింది. అమ్మ చూసి, "సూదికి పంచె కట్టడమేమిటే, పెళ్ళికొడుకనుకున్నావా?" అని తిట్టింది. వారం తిరక్కుండా తన సూదికీ కట్టుకుంది. నెల తిరిగేసరికి మా అరుగు మీద సూదులన్నీ పెళ్ళికొడుకులయ్యాయి. ఆ సూది తయారుచేసిన మహానుభావుడెవరో, ఒక్కనాడు మా అరుగు మీదికొచ్చి, "అమ్మా, ఇది మీ చేతికెలా ఉందమ్మా?" అని అడిగి ఉంటే ఆ గుడ్డపీలిక అవసరమే ఉండేది కాదు కదా అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

పెళ్ళయి రాజమండ్రి వచ్చాక మళ్ళీ ఇదే కథ చూశాను. మావారు దర్జీ. పుర్రచేతి వాటం. బజారులో దొరికే కత్తెరలన్నీ కుడిచేతి వాళ్ళకి చేసినవి. కుడిచేతి కత్తెరని ఎడమచేత్తో పట్టుకుంటే రెండు అలుగులూ దగ్గరికి రావడానికి బదులు ఎడంగా పోతాయి. గుడ్డ తెగదు, నలుగుతుంది. కోయవలసిన గీత కూడా పై అలుగు చాటున పడిపోతుంది. అంచేత ఆయన బొటనవేలిని వంకరగా లోపలికి లాగి, అదిమిపట్టి కోసేవారు. నలభై ఏళ్ళు అలాగే కోశారు. ఆ వేలి మీద చింతగింజంత కాయ కాసింది. ఆయన పోయిననాడు ఆ చేతిని నా చేతిలోకి తీసుకుంటే, చల్లబడిన ఆ చేతిలో ఆ కాయ ఒక్కటీ గట్టిగా తగిలింది. కత్తెర కోసం మనిషి తన చేతినే మార్చుకున్నాడు. మనిషి కోసం కత్తెర ఇసుమంత కూడా మారలేదు.

ఇంక నా సంగతి. రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో, తెల్లవారుజామున దీపం పెట్టబోతూ అగ్గిపుల్ల గీద్దామంటే కుడిచెయ్యి మాట వినలేదు. పుల్ల కిందపడింది. తీద్దామని వంగితే నేనూ కిందపడ్డాను. పక్షవాతం. దేవుడి దయవల్ల, పిల్లలు వేళకి ఆసుపత్రిలో చేర్పించడంవల్ల బతికి బట్టకట్టాను. మాట వచ్చింది. కాలు వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం, సెలవు పెట్టి వెళ్ళిన గుమాస్తాల్లాగ, రేపొస్తాం ఎల్లుండొస్తాం అంటూ కాలం గడిపాయి. అరవైరెండేళ్ళపాటు సూది పట్టిన చెయ్యి చెంచా పట్టలేకపోయింది.

వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, "రోజూ నొక్కుతూ ఉండండి అమ్మగారూ" అంది. నొక్కాను. పది నొక్కేసరికి విసుగొచ్చేది. ఒక గుండ్రం నొక్కితే ఇంకో గుండ్రం పుట్టదు, పువ్వు పుట్టదు, పట్టీ పుట్టదు. ఎంత నొక్కినా బంతి బంతిలాగే ఉంటుంది. దాన్ని మంచం కిందికి దొర్లించేసి, కనిపించడం లేదని అబద్ధం ఆడేదాన్ని.

ఆ రోజుల్లో ఓ సాయంత్రం మా మనవడు బుజ్జిగాడు టీవీ ముందు కార్ల పందెం ఆడుతున్నాడు. పన్నెండేళ్ళవాడు. ఆ పూట వాడి స్నేహితుడు రాలేదు. "మామ్మా, నువ్వు పట్టుకో, ఊరికే పట్టుకో చాలు, నువ్వే గెలవక్కర్లేదు" అని రెండో కంట్రోలరు నా ఒళ్ళో పెట్టాడు. పందెమంటే మావైపు సంక్రాంతికి కోళ్ళదే, ఈ పందెం నాకేం తెలుసు? నా కారు తిన్నగా వెళ్ళి గోడకి కొట్టుకుంది. కొట్టుకోగానే ఆ కంట్రోలరు నా చేతిలో జుమ్మంది. గుప్పిట్లో తుమ్మెదని మూసినట్టు. కుడి అరచేతిలో! ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ చేతిలో ఏదైనా ఉందని నాకు స్పష్టంగా తెలిసింది అదే మొదటిసారి. ఇంకోసారి కావాలని గోడకి కొట్టాను. మళ్ళీ జుమ్మంది. "మామ్మా, గోడకి కొట్టకూడదే!" అని వాడు మొత్తుకుంటున్నాడు. నేను కొడుతూనే ఉన్నాను. కళ్ళనీళ్ళెందుకొచ్చాయో వాడికి అర్థం కాలేదు.

అలా మొదలైంది. వ్యాయామం అమ్మాయిని అడిగితే, "నొప్పి లేకుండా, మధ్యమధ్య ఆపుకుంటూ కాసేపాడండి, బంతి మాత్రం మానకండి" అని ఒప్పుకుంది. రోజూ దీపాలు పెట్టాక అరగంట ఆట. ఆడుతున్నకొద్దీ, లేసు సూదికి పంచె కట్టిన పదేళ్ళ పిల్ల నాలో మళ్ళీ లేచింది. ఇది నా చేతికెందుకు సరిపడలేదు? దీన్ని చేసినవాళ్ళు ఏ చేతిని చూసి చేశారు?

బుజ్జిగాణ్ణి అడిగి, కోడలు చేత ఫోనులో చదివించుకుని, దీని వంశచరిత్ర కొంత తెలుసుకున్నాను. ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే మొదటి ఆటపెట్టె అమెరికాలో 1972లో అమ్మకానికొచ్చిందట. పేరు మాగ్నవాక్స్ ఒడిస్సీ. దాని కంట్రోలరుకి పుల్లలు లేవు, ఆటంతా రేడియో గొంతు పెంచే మరల్లాంటివి తిప్పడమే. 1977లో అటారీ వాళ్ళు నిలువుగా ఒక కర్ర, ఒకే ఒక ఎర్ర మీట పెట్టారు. తర్వాత జపాన్‌లో నింటెండో. అది 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు చేసే దుకాణంగా పుట్టిన సంస్థ. దాని కర్మాగారంలో యంత్రాలు చూసుకునే గున్పే యొకొయ్ అనే ఆయన, తోచక చేసుకున్న ఓ బొమ్మ 1966లో ఆటవస్తువుగా బజారుకొచ్చింది. అదేమిటో తెలుసాండీ? దూరానున్న వస్తువును అందుకునే కత్తెరమడతల చెయ్యి! చేతి గురించి ఆలోచించిన ఆ మనిషే 1982లో, జేబులో పెట్టుకునే మడత ఆటకి, పైకి పొడుచుకొచ్చే కర్ర కుదరదని, కూడిక గుర్తులాంటి బల్లపరుపు మీట కనిపెట్టాడు. ఈనాటి కంట్రోలర్లలో చాలావాటికి ఎడమవైపున అది కనిపిస్తుంది. 1996లో నింటెండో వాళ్ళే బొటనవేలి కింద ఎటు కావాలంటే అటు వాలే చిన్న పుల్ల పెట్టారు. దాన్ని బుజ్జిగాడు స్టిక్కంటాడు, నేను పుట్టగొడుగంటాను. మరుసటి ఏడే, నన్ను ఏడిపించిన ఆ జుమ్మనడం వచ్చింది.

ఇంత తెలివి ఉపయోగించిన వస్తువులో ఒక్క నమ్మకం మాత్రం మారలేదు. ఆడేవాడికి రెండు చేతులూ ఉంటాయి, పది వేళ్ళూ పనిచేస్తాయి, ఆ చేతులు ఫలానా కొలతలోనే ఉంటాయి అని. మా కుటుంబంలో ఆడేవాళ్ళం నలుగురం. ఆరేళ్ళ మేనగోడలి కూతురు, పన్నెండేళ్ళ బుజ్జిగాడు, ఆరడుగుల మా అబ్బాయి, నేను. నలుగురికీ ఒకే కంట్రోలరు. ఆ చిన్నదానికి పై మీట అందదు. మా అబ్బాయి చేతిలో అది అగ్గిపెట్టెలా ఉంటుంది. ఈ లోపం తీర్చడం బ్రహ్మవిద్య కాదు. మన గాజులబ్బాయికి ఎప్పుడో తెలుసు. మలారం దింపగానే వాడు మన చెయ్యి పట్టుకుని, పిడికిలి మూయించి, నొక్కిచూసి, "రెండు నాలుగు పడుతుందండి" అనో "రెండు ఆరు" అనో చెబుతాడు. ఒక్క కొలత గాజులే పట్టుకుని ఊరంతా తిరిగే గాజులబ్బాయిని ఎక్కడైనా చూశామా? కంట్రోలరు లోపలి సరుకు ఒక్కటే ఉండనీండి. పై డొప్పలు మాత్రం మూడు కొలతల్లో విడిగా అమ్మితే ఏం పోయింది? పిల్లాడు ఎదిగితే డొప్ప మారుస్తాం.

రెండో మాట, మీట బిగి. నా కుడి చూపుడు వేలికి వెనకవైపున్న మీట నొక్కడం మొదట్లో అసాధ్యం. మా అబ్బాయి వేలికి అదే మీట మరీ వదులట. మా ఇంట్లో మావారి కుట్టుమిషను ఇప్పటికీ ఉంది. దాని మీద దారం బిగి సవరించే చిన్న మర ఒకటి, కుట్టు పొడుగు మార్చే మీట ఒకటి. పల్చటి వాయిలుకి ఒక బిగి, మందపు ఖద్దరుకి ఒక బిగి. ఎప్పటినుంచో కుట్టుమిషనుకున్న సదుపాయం కంట్రోలరుకెందుకుండదు? ఖరీదైన రకాల్లో ఇలాంటి సవరింపులు కొన్ని వస్తున్నాయని బుజ్జిగాడన్నాడు. బలహీనమైన వేళ్ళవాళ్ళు ఖరీదైనవే కొనుక్కోవాలన్న న్యాయం నాకు నచ్చలేదు.

మూడోది, అక్షరాలు. "ఏ నొక్కు మామ్మా!" అంటాడు వాడు. ఒక కంపెనీ దానిలో 'ఏ' కుడిపక్కన ఉంటుంది, ఇంకో కంపెనీ దానిలో కింద ఉంటుంది. రెండు రకాలూ ఉన్న ఇంటికి వెళ్తే బుజ్జిగాడంతటివాడే తడబడ్డాడు. సోనీవాళ్ళు 1994 నుంచీ అక్షరాలకి బదులు త్రికోణం, గుండ్రం, ఇంటూ గుర్తు, చదరం పెట్టారు. ఇంగ్లీషు రానివాళ్ళకి అదే మేలు. నా సలహా ఇంకో అడుగు ముందుకి: ఆ గుర్తులు ఊరికే అచ్చు వేయక, వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా చెయ్యండి. మా అమ్మ చీకట్లో వామనగుంటల పీటలో గింజలు తడిమి లెక్క చెప్పేది. చత్వారం వచ్చినవాళ్ళకి వేలే కన్ను.

ఇంతలో ఒక ఆపద వచ్చిపడింది. మా కంట్రోలరుకి దయ్యం పట్టింది. చెయ్యి తీసేసినా నా కారు ఎడమకి లాగుతూనే ఉంటుంది. బల్ల మీద పెట్టినా లాగుతుంది. వయసు మీద పడి నాకే చెయ్యి వణుకుతోందేమోనని రెండు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. ఆ రెండు రాత్రులూ సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడోనాడు బుజ్జిగాడు ఆడితే వాడి కారూ ఎడమకే పోయింది. హమ్మయ్య అనుకున్నాను! కొన్న దుకాణానికి పట్టుకెళితే, "గడువు అయిపోయింది, ఇవి బాగుచెయ్యరు, కొత్తది కొనుక్కోండి" అన్నారు. కొత్తదాని ధర విని మా అబ్బాయి మొహం మాడింది. నేను కూడా, పోనీలే, ఇంక మనకెందుకన్నాను. అన్నానే గాని, ఆ సాయంత్రం దీపాలు పెట్టాక ఆ అరగంట ఎలా గడపాలో తెలియలేదు. మంచం కింద బంతి నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించింది.

చివరికి మా పాత రేడియోలు బాగుచేసిన ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళాం. మెయిన్ రోడ్డు పక్క సందులో కూర్చుంటాడు. ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తాడు. చేతిలో తిప్పి చూసి, "మామ్మగారూ, మీ ఇంట్లో పాత రేడియో గొంతు తిప్పితే గరగరమనేది కదండీ, ఇదీ ఆ జబ్బేనండి" అన్నాడు. విప్పి చూపించాడు. పుట్టగొడుగు కింద గోరంత పట్టీలు రెండు. ఒకటి కుడియెడమలకి, ఒకటి ముందువెనకలకి. పుల్ల వాలినప్పుడల్లా ఒక చిన్న లోహపు నాలుక ఆ పట్టీమీద రాసుకుంటూ జరుగుతుంది. అది ఎక్కడుందో దాన్నిబట్టి కరెంటు మారుతుంది, కారు ఎటు పోవాలో తెలుస్తుంది. రోజూ రాసుకోగా రాసుకోగా పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. పుల్ల మధ్యలోనే ఉన్నా, లోపల లెక్క మాత్రం ఎడమకి ఒరిగానంటుంది. మొగ్గిన త్రాసులాగన్నమాట. అలాంటి త్రాసుకి మన షావుకార్లు ధడా కట్టినట్టు, ఆటలోనే 'నడిమధ్య ఇంతమేర లెక్కలోకి తీసుకోవద్దు' అని చెప్పుకునే వీలుందట. అది కొన్నాళ్ళే. అసలు మందు ఆ పుట్టగొడుగుని మార్చడం.

"మరి అరగకుండా చెయ్యలేరా నాయనా?" అన్నాను. "ఎందుకు చెయ్యలేరండి, అయస్కాంతంతో చెయ్యొచ్చండి" అన్నాడు. కరెంటు పారే రేకు దగ్గర అయస్కాంతాన్ని పెడితే ఆ కరెంటు పక్కకి ఒత్తుకుంటుందని ఎడ్విన్ హాల్ అనే అమెరికా ఆయన 1879లోనే కనిపెట్టాడు. పుల్ల అడుగున చిన్న అయస్కాంతం పెట్టి, అది ఎటు కదిలిందో దూరాన్నుంచే పసిగడితే, దేన్నీ దేనికీ రాపిడి ఉండదు. రాపిడి లేకపోతే ఆ అరుగుదల లేదు. సెగా కంపెనీ 1998లో తెచ్చిన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలరులో ఇదే పద్ధతి వాడారట. మన రోడ్ల మీద తిరిగే బ్యాటరీ స్కూటర్ల చేతిపిడిలోనూ ఇదే ఉంటుందన్నాడు. తర్వాత చాలామంది చవకని రాసుకునే పట్టీలవైపే మొగ్గారు. ఈమధ్య మళ్ళీ కొందరు అయస్కాంతానికొస్తున్నారు. అలాగని అదీ చిరంజీవి కాదు, కింది స్ప్రింగు సాగితే సాగొచ్చు. కాకపోతే మొట్టమొదట చచ్చే భాగం మాత్రం అందులో ఉండదు.

ఆయన అరగంటలో మార్చేవాడే, మూడు గంటలు పట్టింది. ఎందుకంటే ఆ పుట్టగొడుగు పధ్నాలుగు చోట్ల టంకం వేసి అంటించి ఉంది. మరలు చూడబోతే మామూలు స్క్రూడ్రైవరుకి లొంగని వింత తలలవి. ఇక్కడ నా నాలుగో సలహా, అన్నిటిలోకీ ముఖ్యమైనది: పుట్టగొడుగు అయస్కాంతంది పెట్టండి. పెట్టి, బల్బు మార్చుకున్నట్టు లాగి మార్చుకునేలా చెయ్యండి. మరలు మామూలువి వాడండి. బ్యాటరీ కూడా డొప్ప తీస్తే చేతికొచ్చేలా ఉంచండి. రాజమండ్రి సందులో కూర్చున్న మెకానిక్కు విప్పలేని వస్తువు మాకు అమ్మినట్టే కాదు, అద్దెకిచ్చినట్టు.

మా గోదావరి చెమట గురించి కూడా చెప్పాలి. వైశాఖంలో ఈ గడ్డమీద కూర్చుంటే చేతుల్లోంచి నీళ్ళు కారతాయి. మెత్తగా ఉంటుందని కంట్రోలరుకి పూసిన రబ్బరు పూత రెండు వేసవులకి జిగురెక్కి, పనసకాయ కోసిన చెయ్యిలా అయింది. దానికి మందు మేమే చేసుకున్నాం. నర్సాపురంలో ఉన్న మా చిన్నాడపడుచు నూలుదారంతో రెండు తొడుగులు అల్లి పంపింది. ఉతుక్కోవచ్చు, ఆరేసుకోవచ్చు. మళ్ళీ పంచె కట్టాల్సొచ్చింది, చూశారా! అరవై ఏళ్ళు గడిచినా చేసేవాళ్ళు ఇంకా మా అరుగు మీదికి రాలేదు.

అయితే రానివాళ్ళందరినీ ఒకే గాట కట్టకూడదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1989లోనే నింటెండో వాళ్ళు చేతులు కదపలేనివాళ్ళకోసం ఛాతీకి కట్టుకునే కంట్రోలరు ఒకటి చేశారు. గడ్డంతో కర్ర కదపడం, గొట్టంలోకి ఊదడం, పీల్చడం, అదే ఆట. 2018లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు రెండు అప్పడాలంత మీటలున్న పెట్టె ఒకటి తెచ్చారు. దాని వెనక వరుసగా పందొమ్మిది చిల్లులు. కాలితో తొక్కే మీటో, మోచేత్తో నొక్కే మీటో, ఎవరికేది వీలైతే అది తగిలించుకోవచ్చు. దాన్ని ప్యాక్ చేసిన అట్టపెట్టె కూడా వేళ్ళు సరిగా పట్టనివాళ్ళు తెరుచుకునేలా ఉంగరాల్లాంటి లాగుడుపట్టీలతో చేశారట. ఆ మాట విన్నప్పుడు, ఎవరో నిజంగా అరుగు మీదికొచ్చి అడిగారనిపించింది. 2023లో సోనీ వాళ్ళూ అలాంటిది తెచ్చారు.

సంతోషమే. కాని నాదో చిన్న మనవి. పంక్తి భోజనంలో ఒకరిని పిలిచి, "మీకు వేరే గదిలో వెండికంచం పెట్టామండీ" అంటే మర్యాదగానే ఉంటుంది, కాని ముద్ద దిగదు. నాకు కావలసింది ప్రత్యేకమైన పెట్టె కాదు. మా బుజ్జిగాడు కొనుక్కునే మామూలు కంట్రోలరుకే ఆ చిల్లులు రెండు మూడు ఉండాలి. అదే నడిమికి విడిపోయి, ఎడమ సగం ఒళ్ళోనూ, కుడి సగం బల్లమీదా పెట్టుకునే వీలుండాలి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో సగాలు విడదీసుకునే ఏర్పాటు ఉండనే ఉంది, అంటే చెయ్యలేనిదేం కాదు. ఏ మీట పని ఏ వేలికి అప్పగించుకోవాలో ప్రతి ఆటలోనూ మార్చుకోనివ్వాలి. అప్పుడు ఇవాళ రెండు చేతులతో ఆడేవాడు, రేపు చెయ్యి విరిగి కట్టు కట్టుకున్నా, ఎల్లుండి నాలాగ ముసలివాడైనా, అదే పంక్తిలో, అదే విస్తరి ముందు కూర్చుంటాడు. చేతులు ఎల్లకాలం ఒక్కలాగే ఉండవు. ఈ సంగతి కుర్రవాళ్ళకి తెలీదు, చెబితే నమ్మరు.

ఇదంతా చదివి, "అయితే మామ్మగారికి ఆటల వల్ల చెయ్యి వచ్చేసిందన్నమాట" అని ఎవరైనా అనుకుంటారేమో. అలా రాస్తే కథ బాగుంటుంది కాని నిజం కాదు. 2006లో చెయ్యి ఊపి ఆడే నింటెండో వీ వచ్చాక చాలాచోట్ల ఆసుపత్రుల్లో పక్షవాతం రోగులచేత దాన్ని ఆడించారు. కెనడా వైద్యులు పూనుకుని నాలుగు దేశాల్లో పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. మామూలు వ్యాయామంతోపాటు వీ ఆడినవాళ్ళూ బాగుపడ్డారు, పేకముక్కలూ బింగో వంటివి ఆడినవాళ్ళూ అంతే బాగుపడ్డారట. కోడలు ఈ సంగతి చదివి వినిపించి, నా మొహం చిన్నబోతుందేమోనని చూసింది. నేనేం చిన్నబోలేదు. వేళ్ళు కదలాలి, మళ్ళీ మళ్ళీ కదలాలి, విసుగు పుట్టకూడదు. పేక ఆడేందుకు నాకు ముగ్గురు మనుషులు కావాలి. దీనికి బుజ్జిగాడొక్కడు చాలు. వాడు దీనికైతే పిలవకుండా వస్తాడు.

నా చెయ్యి పూర్తిగా రాలేదు. చెంచా పట్టుకుంటాను. మీట నొక్కుతాను. సన్నదారం సూది మాత్రం ఇంకా చేతిలో నిలవడం లేదు, నిలుస్తుందన్న ఆశ కూడా పెద్దగా లేదు. మునుపు నా పనిని చూసి లోకం కాలక్షేపమంది. ఇప్పుడు నా కాలక్షేపాన్ని చూసి మా అబ్బాయి వ్యాయామమంటాడు. ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోనీండి. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి నెలల్లో ఇంట్లో అందరూ నాకు చేసిపెట్టేవాళ్ళే. తినిపించేవాళ్ళు, తల దువ్వేవాళ్ళు, మందులిచ్చేవాళ్ళు. "నీ వంతు" అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆ మాట ఆ కంట్రోలరు ఒళ్ళో పడ్డాకే మళ్ళీ విన్నాను.

కనుక కంట్రోలర్లు తయారుచేసే అయ్యలారా, అమ్మలారా! మీరు జపాన్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా, రేపు మన దేశంలోనే మొదలుపెట్టినా, నాదొక్కటే విన్నపం. కొత్తది గీసేముందు కాగితం పక్కన పెట్టి నాలుగు చేతులు పట్టుకు చూడండి. ఒక పసిదాని చెయ్యి, ఒక పుర్రచేతివాడి చెయ్యి, పనిచేసి కాయలు కాసిన చెయ్యి, పనిచెయ్యడం మానేసిన చెయ్యి. మన గాజులబ్బాయిలాగ, మెల్లిగా నొక్కి చూసి, అడిగి, అప్పుడు చెయ్యండి.

ఈ వ్యాసం ఎడమచేత్తో రాశాను, అంచేత పదహారు రోజులు పట్టింది. ఇంకా రాద్దుననుకోండి, అవతల బుజ్జిగాడు టీవీ పెట్టి కేకలేస్తున్నాడు, "మామ్మా, నీ వంతే!" అని. నిన్న మూడు పందేల్లో రెండు వాడే గెలిచాడు. ఒకటి నేను గెలిచాను. వాడు కావాలనే ఓడిపోయాడని మా కోడలంటుంది. ఆవిడ మాటలు మీరు నమ్మకండి.